పింఛను పథకముల దేశాటనము

1980వ సంవత్సరము నవంబరు నెలలో, దక్షిణ అమెరికా ఖండపు పడమటి తీరమున, ఆండీసు పర్వతములకును పసిఫిక్ మహాసముద్రమునకును నడుమనున్న చిలీ దేశములో, పార్లమెంటు మూతపడి ఏడేండ్లు గడచిన పిమ్మట, సైనిక పాలకుల సంతకములతో 3500 సంఖ్య గల శాసనమొకటి వెలువడినది. ఆ శాసనమునకును, మన తెలుగు రాష్ట్రములలో 2004 సెప్టెంబరు 1వ తేదీ నాటినుండి ప్రభుత్వోద్యోగములో చేరిన బడిపంతులుగారి జీతపు బిల్లులో నెలనెలయు పదిశాతము కోతగా కానవచ్చు సీపీఎస్ (చందా పింఛను పథకము) పద్దునకును దగ్గరి చుట్టరికమున్నదని చెప్పినచో, వినువారిలో కొందరికి అది అతిశయోక్తిగా తోచవచ్చును. కాని ఆ చుట్టరికము కల్పితము కాదు. ఏ విశ్వవిద్యాలయమున ఆ భావము మొలకెత్తినదో, ఏ బ్యాంకు దానికి నీరు పోసినదో, ఏయే మంత్రిత్వశాఖలు దానిని తమ పెరటిలో నాటుకొన్నవో కొమ్మకొమ్మకును చూపుటకు తగిన ఆధారములున్నవి.

ఒక దేశపు విధానము వేరొక దేశమునకు తనంతట తాను పోదు. దానిని మోసికొనిపోవు మనుష్యులు కావలెను. వారు ఆచార్యులు, బ్యాంకు సలహాదారులు, పదవి విడిచిన మంత్రులు, గణాంకవేత్తలు, పరిశోధన సంస్థల ప్రతినిధులు. తరచుగా ఒకే విద్యాలయములలో చదివినవారు, ఏటేట ఒకే సభలలో కలిసికొనువారు, ఒకరి నివేదికను మరొకరు ప్రమాణముగా ఉదాహరించువారు. సరిహద్దులు దాటిన ఈ సంబంధముల అల్లికను విధానజాలమని పిలుతము. ఇట్టి జాలములను గూర్చి మన సభావేదికలపైనను పత్రికలలోను వినవచ్చు మాటలు సాధారణముగా రెండే: బయటివారు వచ్చి మన నెత్తిన రుద్దిరనునది ఒకటి, మన ప్రభుత్వము స్వవిజ్ఞతచేతనే నిర్ణయించుకొన్నదనునది రెండవది. నాకు ఈ రెండింటిలోను తృప్తి లేదు. పింఛనుల చరిత్రను అనుసరించి చూడగా నాకు తోచునదేమనగా, విదేశపు సలహా రాజ్యమును బయటినుండి జయింపదు. రాజ్యములోపల ఎల్లప్పుడును పరస్పరము పోటీపడుచుండు శాఖలలో ఒకదానికి అంకెలను, పరిభాషను, గౌరవమును సమకూర్చి, తక్కిన శాఖలపై దానికి పైచేయి కల్పించును. ఆ శాఖ చాలవరకు ఆర్థికశాఖయే. ఓడిపోవునది చాలవరకు కార్మికశాఖ.

ఈ దేశాటనము నిన్న మొన్న ఆరంభమైనది కాదు. వృద్ధులకును అశక్తులకును బీమా కల్పించు చట్టమును 1889లో జర్మనీలో బిస్మార్కు చేయించెను. శ్రామికులను సోషలిస్టు పక్షమునుండి రాజ్యమువైపు త్రిప్పుకొనుట ఆతని ఆంతర్యమని అందరును ఎరిగినదే. 1908లో బ్రిటిషు ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి జర్మనీకి పోయి ఆ బీమా ఎట్లు నడచుచున్నదో స్వయముగా చూచివచ్చెను. మూడేండ్లకు బ్రిటన్‌లో జాతీయ బీమా చట్టము వచ్చినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడిన పిమ్మట ఇట్టి రాకపోకలకు జెనీవాలో ఒక స్థిరమైన చిరునామా దొరికినది. మన దేశమును ఆ వలయమునకు వెలుపల నుండలేదు. 1944లో ఆచార్య బి.పి. అదార్కరు పారిశ్రామిక కార్మికుల ఆరోగ్యబీమాను గూర్చి నివేదిక సమర్పింపగా, దానిని ఆ సంస్థకు చెందిన స్టాక్, రావు అను ఇరువురు నిపుణులు పరిశీలించి సవరణలు సూచించిరి. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము అందుండి పుట్టినది. నేడు హైదరాబాదులోని సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి వరుసలో చీటీ పట్టుకొని నిలుచున్న కార్మికునకు జెనీవా ఊసు తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. అరువు తెచ్చుకొన్నంత మాత్రమున ఒక విధానము చెడ్డది కాదని చెప్పుటకే ఈ ముచ్చట. ఆ నాటి జాలములో కార్మికసంఘములకును, యజమానులకును, ప్రభుత్వములకును మూడు కుర్చీలు వేసియుండెడివి. అది గమనింపదగిన విషయము. ఏలయనగా తరువాతి జాలములో ఆ కుర్చీలు కానరావు.

చిలీయును ఆ బడిలో చదివిన దేశమే. 1924 సెప్టెంబరులో యువ సైనికాధికారులు సెనేటు ప్రేక్షకుల వరుసలలో కూర్చుండి తమ కత్తుల ఒరలను గలగలలాడింపగా, ఏండ్లతరబడి మూలబడియున్న కార్మిక బీమా బిల్లును శాసనసభ్యులు కొలది దినములలోనే ఆమోదించిరి. అర్ధశతాబ్దము పైబడిన పిదప ఆ వ్యవస్థను తొలగించినవారును సైనికులే. ప్రజల వృద్ధాప్యమును గూర్చిన రెండు మహానిర్ణయములును కత్తినీడలో జరిగిన దేశమది.

ఇక అసలు కథ 1956లో ఆరంభమైనది. అమెరికా ప్రభుత్వపు విదేశసహాయ ధనముతో షికాగో విశ్వవిద్యాలయమునకును సాంటియాగోలోని కాథలిక్ విశ్వవిద్యాలయమునకును ఒక ఒడంబడిక జరిగినది. దాని ప్రకారము చిలీ యువకులు షికాగోకు పోయి, ఆర్నాల్డ్ హార్బర్గర్ వంటి ఆచార్యుల శిష్యరికములో, మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రసంగములు వినుచు ఆర్థికశాస్త్రము నేర్చి, తిరిగివచ్చి తమ దేశమున అధ్యాపకులైరి. వారిని లోకము ‘షికాగో కుర్రవాండ్రు’ అని పిలిచినది. వారి బోధ ఏమనగా, ధరలను ప్రభుత్వము ముట్టరాదు, సుంకములు తగ్గవలెను, బజారుకు అప్పగింపదగిన పనిని రాజ్యము చేయరాదు. ఈ బోధను చిలీ ఓటర్లు చెవిని పెట్టలేదు. 1970లో వారు సోషలిస్టు నాయకుడైన సాల్వదోర్ ఆయెందేను గెలిపించిరి. 1973 సెప్టెంబరు 11న జనరల్ పినోషే నాయకత్వమున సైన్యము ఆయెందే ప్రభుత్వమును కూల్చినప్పుడు, ఈ ఆర్థికవేత్తలు అంతకుముందే రహస్యముగా వ్రాసిపెట్టుకొన్న బృహత్ప్రణాళిక, లావుచేత ‘ఇటుక’ అని పేరొందినది, సైనికాధికారుల బల్లలమీదికి చేరినది. ఎన్నికలలో దారి దొరకని భావమునకు ఫిరంగి దారి చేసినది.

పింఛను సంస్కరణకు కర్త హోసే పిన్యేరా. హార్వర్డులో ఆర్థికశాస్త్రమున డాక్టరు పట్టమంది, 1978 చివర కార్మికమంత్రియైన యువకుడు. ఆతడు వ్రాయించిన 3500వ శాసనము పాత వ్యవస్థను మూలమట్టముగా మార్చినది. పాతకాలపు పద్ధతిలో నేటి శ్రామికులు కట్టు చందాతో నేటి వృద్ధులకు పింఛను చెల్లును. కొత్త పద్ధతిలో ప్రతి శ్రామికుడును తన జీతములో పదిశాతమును తన పేరిటి ఖాతాలో వేయవలెను, ఆ ధనమును ప్రైవేటు నిర్వాహక సంస్థలు పెట్టుబడి పెట్టి, కమీషను తీసికొనును, వృద్ధాప్యమున ఎంత కూడినదో అంతకే పింఛను. యజమాని వాటా ఏమియు లేదు. అమలునకు పెట్టిన ముహూర్తము 1981 మే 1, అనగా కార్మికదినము. అది ప్రజ్ఞయో పరిహాసమో తెలియదు. ఇంతకంటె విశేషమైన సంగతి వేరొకటి కలదు. శాసనమును చేసిన సైనికులు, పోలీసులు మాత్రము అందుండి తమ్ము తాము మినహాయించుకొని, పాతకాలపు హామీ పింఛనులోనే నిలిచిరి. ఒక వైద్యుడు రోగికిచ్చిన మందును తానెన్నడును సేవింపకపోయినను తప్పులేదు. కాని ఆ రోగము తనకును ఉన్నప్పుడు సేవింపకపోయినచో ఆ మందును గూర్చి ఆలోచింపవలసియుండును.

ఇంకొక మాట. నేటి శ్రామికుని చందా తన ఖాతాలోనికి పోయినప్పుడు, నేటి వృద్ధునకు పింఛను ఎవరు చెల్లింపవలెను? ఖజానాయే. దీనిని నిపుణులు పరివర్తన వ్యయమనిరి. చిలీ ప్రభుత్వము ఆ భారమును దశాబ్దములపాటు పన్నులనుండి మోసినది. అనగా ప్రైవేటు పింఛనను పేరు గల ఈ భవనమునకు పునాది రాజ్యపు పన్నే, గోడలు రాజ్యము నిర్బంధముగా కోయించిన చందాలే. రాజ్యము తగ్గినదని చెప్పిన స్థలమునందే రాజ్యము మరింత గాఢముగా ప్రవేశించినది.

1990లో చిలీలో ప్రజాస్వామ్యము మరలివచ్చినను ఈ వ్యవస్థ చెక్కుచెదరలేదు. ఆ దశకమున చిలీ ఆర్థికవృద్ధి ఖండమంతటికిని అసూయ కలిగించుచుండెను. ఆ వృద్ధికి పింఛను నిధులే కారణమను వాదము బలపడినది. 1994లో ప్రపంచబ్యాంకు, ఎస్టెల్ జేమ్స్ అను ఆర్థికవేత్త నాయకత్వమున, వృద్ధాప్య సంక్షోభమును తప్పించుటను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, మూడు స్తంభముల సిద్ధాంతమును లోకము ముందుంచినది: పేదలకు ఖజానా ఇచ్చు కనీస పింఛను ఒకటి, నిర్బంధముగా పొదుపు చేయు వ్యక్తిగత ఖాతా రెండవది, ఐచ్ఛికమైన పొదుపు మూడవది. పిన్యేరా 1995లో వాషింగ్టనులోని కేటో అను పరిశోధన సంస్థలో చేరి, దేశదేశములు తిరిగి తన పథకమును ప్రచారము చేసెను. ఆ దశకముననే పెరూ, అర్జెంటీనా, కొలంబియా, ఉరుగ్వే, బొలీవియా, మెక్సికో, ఎల్ సాల్వదోర్ ఒకదానివెనుక నొకటి ఈ త్రోవ పట్టినవి. కమ్యూనిజము కూలిన తూర్పు యూరప్‌లో హంగేరీ 1998లోను, పోలండు 1999లోను చేరినవి. మధ్య ఆసియాలో కజకిస్తాన్ కూడ 1998లోనే చేరినది. ఈ గ్రంథమును అచ్చువేసిన బ్యాంకు నెలకొన్న అమెరికాలో మాత్రము ఇట్టి మార్పునకు 2005లో అధ్యక్షుడు బుష్ చేసిన యత్నము విఫలమైనది. ఎగుమతికి పనికివచ్చిన సరుకు ఇంటిలో చెల్లకపోవుట వాణిజ్యములో అరుదు, విధానములలో అరుదు కాదు.

పోలండు ఉదాహరణము నా వాదమునకు మిక్కిలి ఉపకరించునది కనుక అక్కడ కొంత నిలుతును. 1994, 1995 సంవత్సరములలో అక్కడ ఆర్థికమంత్రి కొవోద్కో ప్రైవేటు ఖాతాలవైపు మొగ్గగా, కార్మికమంత్రి లెషెక్ మిల్లర్ పాత వ్యవస్థను మరమ్మతు చేసిన చాలునని పట్టుబట్టెను. ఇద్దరును ఒకే ప్రభుత్వములోనివారు. రెండేండ్లు ఏదియు కదలలేదు. 1996లో మిల్లర్ ఆ శాఖ విడిచిన పిదప, సంస్కరణకొరకు రెండు మంత్రిత్వశాఖలకును వెలుపల ఒక ప్రత్యేక కార్యాలయము వెలసినది; దానికి సంచాలకుడుగా వచ్చిన మిహావ్ రుత్‌కోవ్‌స్కీ ప్రపంచబ్యాంకు ఉద్యోగమునకు సెలవు పెట్టి వచ్చిన పోలండు దేశీయుడే. ఆతనిని విదేశీయుడనుటకు వీలులేదు, స్వదేశీ అధికారి అని ఊరకుండుటకును వీలులేదు. జాలము పనిచేయు తీరు ఇదియే: అది సరిహద్దు ఆవలనుండి ఉత్తరువులు పంపదు, సరిహద్దునకు ఇరువైపులను ఇల్లు గల మనుష్యులను కలిగియుండును. అమెరికా సహాయధనముతో శాసనసభ్యులును విలేఖరులును చిలీ, అర్జెంటీనా దేశములకు పోయి అక్కడి నిధుల వైభవమును చూచివచ్చిరి. అక్కడి పింఛనుదారులతో వారికి ఎంత పరిచయము కలిగినదో ఊహింపవచ్చును. వ్యవస్థ ఆరంభమై పదునైదేండ్లే అగుటచేత, దానిలోనే చేరి దానిలోనే వృద్ధుడైనవాడు అప్పటికి ఎక్కడను లేడు.

విధానమును మోసికొనిపోవు ఈ పనిలో బ్యాంకు ఇచ్చు ఋణముకంటె లెక్క బలీయమైనది. ప్రపంచబ్యాంకు పింఛనుల భవిష్యత్తును గణించుటకు ప్రోస్ట్ అను ఒక కంప్యూటరు సాధనమును తయారుచేసి, ప్రభుత్వములకిచ్చి, అధికారులకు శిక్షణ నిచ్చినది. యాబదియేండ్ల తరువాత జనాభా ఎంత, జీతములెంత, లోటెంత అని అది చెప్పును. ఆ అంకెలు తప్పని నేననను. చాలవరకు ఒప్పే కావచ్చును. కాని చర్చలో ఒక పక్షమువద్ద యాబదియేండ్ల పట్టికలుండి, రెండవ పక్షమువద్ద శ్రామికుల అనుభవము మాత్రమే ఉన్నప్పుడు, మంత్రివర్గ సమావేశములో ఎవరి మాట నెగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు. లెక్కవేయు పనిముట్టు ఎవరి చేతిలో నుండునో ప్రశ్నను రూపొందించు అధికారమును వారి చేతిలోనే ఉండును. వృద్ధులకు ఎంత చాలును అను ప్రశ్న, ఖజానాకు ఎంత మిగులును అను ప్రశ్నగా మారినది ఆ బల్ల దగ్గరనే.

న్యాయముగా మాటలాడవలెనన్న, పాత వ్యవస్థలు దోషరహితములు కావు. లాటిన్ అమెరికాలో ఒక్కొక్క వృత్తివర్గమునకు ఒక్కొక్క నిధి, పలుకుబడి గలవారికి చిన్నవయసుననే విరామము, ద్రవ్యోల్బణముచేత కరగిపోవు పింఛను, చందా ఎగవేయు యజమానులు, ఇవన్నియు ఉండెను. తూర్పు యూరప్‌లో మూతపడిన కర్మాగారముల ఉద్యోగులకు ముందుగా పింఛనిచ్చి పంపుటచే చందాదారులు తగ్గి పింఛనుదారులు పెరిగిరి. రోగము నిజము. చికిత్స ఒక్కటే యనుటలోనే చిక్కు.

ఆ చిక్కును మొదట బిగ్గరగా చెప్పినవారిలో ప్రపంచబ్యాంకు ముఖ్య ఆర్థికవేత్తయే యుండుట ఈ కథలోని వింతలలో ఒకటి. 1999లో ఆ పదవిలో నున్న జోసెఫ్ స్టిగ్లిట్జ్, పీటర్ ఓర్జాగ్‌తో కూడి, బ్యాంకు సొంత సభలోనే ఒక పత్రము చదివి, వ్యక్తిగత ఖాతాలను గూర్చి ప్రచారములోనున్న పది నమ్మకములు మిథ్యలని వాదించెను: ప్రైవేటు ఖాతాలచేత జాతీయ పొదుపు తప్పక పెరుగునన్నది నిజము కాదు, నిర్వహణవ్యయము తగ్గదు, రాజకీయ జోక్యము ఆగదు. ఐనను ఋణములు ఆగలేదు. బృహత్సంస్థ యనగా ఒకే మనస్సు గల జీవి కాదు. దానిలోను గదులుండును, గదుల నడుమ పోటీయుండును. 2006లో బ్యాంకుయొక్క స్వతంత్ర మూల్యాంకన విభాగము సైతము ఈ పింఛను సహాయములను తూకము వేసి, ఆశించిన ఫలములు పలుచోట్ల దక్కలేదని వ్రాసినది.

తరువాత వచ్చినది వెనుకడుగుల కాలము. అర్జెంటీనా ప్రభుత్వము 2001 చివర సంక్షోభమున పింఛను నిధులచేత తన బాండ్లు కొనిపించి, ఆ వెంటనే ఋణ చెల్లింపులు నిలిపివేసినది. 2008 చివర ఖాతాలన్నిటిని జాతీయము చేసినది. హంగేరీలో 2010, 2011 సంవత్సరములలో దాదాపు 30 లక్షలమంది ఖాతాలు రాజ్యవ్యవస్థలోనికి మరలినవి. మరలనివారికి రాజ్యపు పింఛను హక్కు పోవునని బెదిరింపు పుట్టగా నిలిచినవారు బహు కొలదిమంది. పోలండు 2014లో నిధుల ఆస్తిలో సగమునకు పైగా, ప్రభుత్వ బాండ్ల రూపముననున్నదానిని, తన బీమా సంస్థకు బదలాయించుకొన్నది. 1981 మొదలు 2014 వరకు ప్రైవేటు బాట పట్టిన దేశములు 30 అనియు, వానిలో 18 దేశములు 2018 నాటికి పూర్తిగానో కొంతగానో వెనుకకు మరలినవనియు అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కచెప్పినది. ఈ మరలింపులను కొందరు ప్రజావిజయములనిరి. నాకు అంత ఉత్సాహము లేదు. పలుచోట్ల మరల్చినది పింఛనుదారుల ఆర్తి కాదు, బడ్జెటు లోటును పూడ్చుకొనవలసిన ఆర్థికశాఖ అవసరము. ఇచ్చినది ఆ శాఖయే, తీసికొన్నదియు ఆ శాఖయే.

మన దేశమునకు ఈ భావము వచ్చిన త్రోవ కొంత వంకరది. 1998లో కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ, సెబీ పూర్వాధ్యక్షుడు ఎస్.ఎ. దవే అధ్యక్షతన, ఒయాసిస్ అను పేర ఒక అధ్యయనమును ఆరంభించినది. ఉద్దేశము అసంఘటిత కార్మికులు: రిక్షా త్రొక్కువాడు, చేనేతవాడు, చిల్లరదుకాణదారు, ఏ పింఛనును ఎరుగని కోట్లమంది. 2000 జనవరిలో వచ్చిన తుది నివేదిక వ్యక్తిగత ఖాతాల పద్ధతినే సూచించినను, అది గ్రుడ్డిగా తెచ్చిన నకలు కాదు. లాటిన్ అమెరికాలో నిర్వాహక సంస్థలు ఏజెంట్లకును ప్రకటనలకును వెదజల్లిన ధనము చందాదారుని పొదుపును తినివేయుట గమనించి, ఖాతాల లెక్కను ఒకే కేంద్రస్థానమున నుంచవలెనని అది చెప్పినది; ఆ పొదుపరితనము నేటికిని మన జాతీయ పింఛను వ్యవస్థలో ప్రశంసింపదగిన గుణము. 2001లో ప్రపంచబ్యాంకు భారతదేశపు వృద్ధాప్య భద్రతను గూర్చి ప్రత్యేక నివేదిక వెలువరించినది. ప్రభుత్వోద్యోగుల విషయమున నియమితమైన బి.కె. భట్టాచార్య సంఘము కొంత హామీ, కొంత పొదుపు కలిసిన మిశ్రమ పద్ధతిని సిఫారసు చేసినది. ప్రభుత్వము ఆ మిశ్రమమును ప్రక్కకు నెట్టి, 2003 డిసెంబరు 22న ప్రకటన చేసి, 2004 జనవరి 1నుండి చేరు కేంద్రోద్యోగులకు కేవలము ఖాతా పద్ధతిని, అనగా ఈ జాతీయ పింఛను వ్యవస్థను, విధించినది. మినహాయింపు ఎవరికి? సాయుధ దళములకు. సాంటియాగో సైనిక ప్రభుత్వమైనను, ఢిల్లీ ప్రజాప్రభుత్వమైనను, ఈ ఒక్క పంక్తిలో తేడా రాలేదు. కారణములు వేరు కావచ్చును. మన సైనికుడు చిన్నవయసుననే విరమించుట వాస్తవము. ఐనను రాజ్యము ఎవరికి హామీ ఈయక తప్పదో ఆ పంక్తి చెప్పుచున్నది.

అసంఘటితులకై ఆరంభమైన ఆలోచన సంఘటితులలోకెల్ల సంఘటితులైన ప్రభుత్వోద్యోగులపై మొదట వాలుట ఎట్లు జరిగినది? కొత్త వ్యవస్థకు పర్యవేక్షణ సంస్థగా ఏర్పడిన పీఎఫ్ఆర్‌డీఏ ఆర్థికశాఖ పరిధిలో పుట్టినది. కార్మికశాఖ పరిధిలో, యూనియన్ల ప్రతినిధులు కూర్చుండు ధర్మకర్తల మండలితో నడచు ప్రావిడెంటు ఫండు వ్యవస్థను ఆర్థికశాఖ ముట్టలేకపోయినది. తన జీతపు పట్టిక తన చేతిలోనే యున్న ఉద్యోగులను ముట్టగలిగినది. శాసనపు ఆధారము చూచినచో, 2005లో పార్లమెంటుకు వచ్చిన బిల్లు వామపక్షముల ప్రతిఘటనచేత ఆగి, చట్టమైనది 2013లో. అంతవరకు, దాదాపు పదేండ్లు, లక్షలాది ఉద్యోగుల వృద్ధాప్యము కార్యనిర్వాహక ప్రకటనల ఆధారముననే నడచినది.

రాష్ట్రములు ఒక్కొక్కటిగా చేరినవి. పశ్చిమ బెంగాలు మాత్రము చేరలేదు. ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 1 నుండి చేరినది. తెలుగునాట ప్రపంచబ్యాంకు పేరు గోడలమీది నినాదములకెక్కినది 2000 నాటి విద్యుత్ ఛార్జీల ఉద్యమముతో. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి, ఆ నీడ ఆ తరువాతి ఎన్నికలమీద పడినది. నాలుగేండ్లకు పింఛను మారినప్పుడు వీధిలో అలజడి లేదు. కారణము సులభము. ఛార్జీ పెరిగినచో నేటి బిల్లు పెరుగును. ఈ పింఛను కోత ఇంకను ఉద్యోగములో చేరనివారికి. చేరనివానికి యూనియను లేదు, సభ్యత్వపు చీటీ లేదు, ధర్నాచౌకులో చోటు లేదు. ఉన్నవారికి ఉన్నది దక్కినది, రానున్నవారి వాటా కోతకు వచ్చినది, సంఘములు సంతకము పెట్టకపోయినను సమ్మె చేయలేదు. ప్రపంచమంతటను ఈ జాలము నేర్పిన యుక్తులలో ఇంతకంటె నిపుణమైనది లేదు: ఓటు లేనివానినుండి తీసికొనుము.

కాని రానున్నవారు వచ్చిరి. పదేండ్లకు, పదునైదేండ్లకు, పాఠశాలలలోను రెవెన్యూ కార్యాలయములలోను వారే ఎక్కువైరి. సెప్టెంబరు 1ని వారు పింఛను విద్రోహదినముగా పాటింపసాగిరి. 2019 ఎన్నికలకు ముందు, అధికారమునకు వచ్చిన వారములోపల సీపీఎస్ రద్దు చేయుదుమని ఆంధ్రప్రదేశ్‌లో వాగ్దానము చేసిన పక్షము, వచ్చిన పిదప భారమును లెక్కవేసి, 2023లో చివరి మూలవేతనములో సగము హామీగా ఇచ్చు వేరొక చట్టమును చేసినది. ఉద్యోగులు తృప్తి చెందలేదు. 2022లో రాజస్థాన్ పాత పింఛనుకు మరలినది, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ అనుసరించినవి. అప్పుడు బయటపడిన విషయమొకటి కలదు. అంతవరకు రాష్ట్రములు జమచేసిన ధనమును తిరిగి యీయుమని అడుగగా, అట్లిచ్చుటకు చట్టములో దారి లేదని కేంద్రము చెప్పినది. ఖజానా కాపాడుకొనుటకని రాష్ట్రములు చేరిన పథకము, రాష్ట్రోద్యోగుల జీవితకాలపు పొదుపును రాష్ట్రముల చేతికందని చోట నిలిపినది. ఋణపత్రములోను, నిపుణుల గ్రంథములోను ఎక్కడను వ్రాయబడని అధికార బదలాయింపు ఇది.

ఇట్లు వీధి ఒత్తిడి పెరుగగా, కేంద్రము టి.వి. సోమనాథన్ సంఘమును వేసి, 2025 ఏప్రిల్ 1నుండి ఏకీకృత పింఛను పథకమును తెచ్చినది: ఇరువదియైదేండ్ల సేవకు చివరి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగము హామీ, ఉద్యోగి చందాయును ఉండును, ప్రభుత్వము 18.5 శాతము వేయును. కొంత హామీ, కొంత పొదుపు. భట్టాచార్య సంఘము చెప్పిన మిశ్రమపు తత్త్వమునకు ఇరువది యేండ్లు చుట్టు తిరిగి దగ్గరకు వచ్చినాము. చిలీయును అట్లే చుట్టు తిరిగినది. 2008లో మిషెల్ బాచెలెట్ ప్రభుత్వము ఖాతాలలో చాలినంత లేని పేదలకు ఖజానానుండి పింఛను కల్పించినది. 2016లో లక్షలాది జనులు నిర్వాహక సంస్థలు మాకు వద్దని వీధులలోనికి వచ్చిరి. కోవిడ్ కాలమున పార్లమెంటు ఖాతాలనుండి మూడుమారులు పదేసి శాతము తీసికొన ననుమతించినది. 2022లో సార్వజనిక హామీ పింఛను వచ్చినది. 2025 చట్టముతో, నలుబదినాలుగేండ్ల పిమ్మట, యజమాని వాటా మరల ప్రవేశించినది.

ఇక ఒయాసిస్ ఎవరికొరకు పుట్టినదో ఆ మనిషి మాట. అసంఘటిత కార్మికునకు 2015లో అటల్ పింఛను యోజన వచ్చినది: చందాను బట్టి, అరువది నిండిన పిదప నెలకు 1000 నుండి 5000 రూపాయలు. ఆతని తల్లికి మాత్రము చందా అడుగని పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి నెలకు 4000 రూపాయలు అందుచున్నది; తెలంగాణలో ఆసరా పేర 2014లో 1000 రూపాయలతో మొదలై 2019లో 2016 రూపాయలైనది. ఈ పింఛనులను పెంచినది ఎన్నికల వేలమే. మూడు స్తంభముల గ్రంథములో ఖజానా ఇచ్చు మొదటి స్తంభమని దేనిని పిలిచిరో, అది ఇక్కడ గ్రంథముకంటె వేగముగా లేచినది. ఆ మొత్తములో కేంద్రపు వాటా, దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధునకు నెలకు 200 రూపాయలు, ఎనుబది నిండినవారికి 500. ఆ 200 రూపాయలను పెంచుమని మన ఆర్థికశాస్త్రజ్ఞులు పలువురు ఒకటికి రెండుమారులు లేఖలు వ్రాసిరి. ఆ లేఖలు సహితము చేరినది ఆర్థికమంత్రికే.